బనీన్లు, సాక్సులు, స్వెట్టర్లు పొట్టయిపోకుండా ఆరాలంటే ఏది కొనాలి?

కొత్త బనీను నాలుగు ఉతుకులకే బొడ్డు పైకి ఎక్కేస్తే కంపెనీని తిట్టుకుంటాం. సగం పాపం కంపెనీదే. మిగతా సగం ఆరబెట్టిన పద్ధతిది. ఈ రెండో సగాన్ని సరిచేసుకోవడానికి మార్కెట్లో ఇప్పుడు ఐదారు రకాల సామాన్లు దొరుకుతున్నాయి. వందల్లో దొరికే, బట్ట పరిచి ఆరబెట్టే వలగుడ్డ జాలీ దగ్గర్నుంచి వేలకు వేలు పోసి కొనే, తక్కువ వేడితో ఆరబెట్టే హీట్ పంప్ డ్రైయర్ దాకా. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఉక్క ప్రాంతంలో కాపురం ఉన్నవాళ్లు వీటిలో ఏది కొనొచ్చు, ఏది దండగ అన్నది చూద్దాం. నా లెక్క ముందే చెప్పేస్తాను. ఇక్కడి ఇళ్లలో చాలావాటికి ఒక జాలీ, ఒక ఫ్యాను, తెరిచిన కిటికీ సరిపోతాయి. డ్రైయర్ అవసరమయ్యే ఇళ్లూ ఉన్నాయి గానీ, అక్కడ కూడా అది బనీన్ల కోసం కాదు, దుప్పట్లు, తువ్వాళ్ల కోసం.

పొట్టవడం ఎక్కడ మొదలవుతుంది

పొందూరు ఖద్దరులో పడుగు, పేక ఒకదానికొకటి అడ్డంగా బిగిసి ఉంటాయి. ఎటు లాగినా పెద్దగా సాగదు. బనీను గుడ్డ నేసింది కాదు, అల్లింది. దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాన్లోంచి ఒకటి దూరి ఉంటుంది. తమిళనాడులోని తిరుపూరు లాంటి చోట్ల ఆ గుడ్డను అల్లేటప్పుడు, రంగు వేసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు పొడుగునా లాగుతూనే ఉంటారు. ఇంటికి తెచ్చి నీళ్లలో వేశాక దారం ఉబ్బుతుంది, సాగదీసిన ఉచ్చు గుండ్రబడి తన అసలు కొలతకి వచ్చేస్తుంది. అందుకే బనీను పొడుగు తగ్గుతుంది, వెడల్పు ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మంచి కంపెనీలు కుట్టే ముందే గుడ్డను కంపాక్టర్ మిషన్లో పెట్టి ఈ పొట్టిదనాన్ని తీసేస్తాయి. చవక సరుకులో ఆ పని అంతంతమాత్రం.

అంతవరకూ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి రెండు: కదలిక, వేడి. తడి గుడ్డ వేడి గాలిలో దొర్లుతుంటే ప్రతి దొర్లుకీ ఉచ్చులు ఇంకాస్త దగ్గరకి జరుగుతాయి. అదే గుడ్డను పరిచి, కదలకుండా గాలికి వదిలేస్తే అంత దూరం పోదు. కాబట్టి ఏ సామాను చూపించినా షాపువాడిని ముందు అడగాల్సింది, ఇందులో గుడ్డ కదులుతుందా, ఎంత వేడెక్కుతుంది అని. ఎన్ని కిలోలు పడతాయి, ఎన్ని ప్రోగ్రాములు ఉన్నాయి అన్నవి ఆ తర్వాత.

ఉన్ని సంగతి వేరు. ఉన్ని పోగు మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని గుడ్డ దళసరిగా, గట్టిగా తయారవుతుంది. ఇక వెనక్కి రాదు. అక్రిలిక్ దీనికి పూర్తిగా ఎదురు. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే చవక స్వెట్టర్లు ఎక్కువగా అక్రిలిక్కే. తడి మీద వేడి తగిలితే అది పొట్టవదు, సాగి వేలాడిపోతుంది. ఇక సాక్సుల పట్టీలో, లెగ్గింగుల్లో, డ్రాయర్ నడుములో ఉండే సాగే దారానికి వేడీ పడదు, మండే ఎండా పడదు. కొన్నాళ్లకి పట్టు వదిలేసి సాక్సు మడమ దగ్గరకి జారుతుంది.

లేబుల్ మీద చిన్న బొమ్మలుంటాయి, ఎవరూ చూడరు. చతురస్రంలో అడ్డగీత ఉంటే పరిచి ఆరబెట్టాలి. నిలువు గీతలుంటే వేలాడదీయొచ్చు. మూలన ఒకటో రెండో ఏటవాలు గీతలుంటే నీడలో ఆరాలి. చతురస్రంలో సున్నా ఉంటే డ్రైయర్లో వేయొచ్చని. ఆ సున్నాలో ఒక చుక్క ఉంటే 60 డిగ్రీల లోపు, రెండు చుక్కలుంటే 80 దాకా. మొత్తం మీద ఇంటూ కొట్టి ఉంటే డ్రైయర్ జోలికే పోవద్దు.

దండెం ఎప్పుడు చాలు

ఫిబ్రవరి నుంచి మే దాకా అయితే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. డాబా మీద నీడ పట్టున దండెం కట్టి, బనీన్లు తిరగేసి ఆరేస్తే గంటల్లో ఆరిపోతాయి. తడి బనీనుని భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే నీటి బరువుకి పొడుగు సాగుతుంది, భుజం మీద కొమ్ములు మొలుస్తాయి. చంకల దగ్గర మడత వచ్చేలా దండెం మీద అడ్డంగా వేయాలి. సాక్సుకి క్లిప్పు వేళ్ల వైపు పెట్టాలి, పట్టీ వైపు కాదు. స్వెట్టర్ మాత్రం ఏ కాలంలోనూ దండెం ఎక్కకూడదు.

మడత పెట్టే స్టీలు స్టాండు, సీలింగుకి తాళ్లతో పైకి లాగే పైపులు, రెండూ దండేనికి తమ్ముళ్లే. చోటు కలిసొస్తుంది, ఆరే తీరు మాత్రం అదే. అపార్ట్‌మెంట్ బాల్కనీకి సీలింగు పైపులు బాగుంటాయి, వేడి గాలి పైనే ఉంటుంది కాబట్టి కాస్త త్వరగా కూడా ఆరతాయి. స్టాండు కొంటే రెండు రెక్కలూ బల్లపరుపుగా తెరుచుకునేది చూడండి. దాని మీద పాత దుప్పటి పరిస్తే స్వెట్టర్ ఆరబెట్టుకోవచ్చు.

తుప్పు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఉప్పు గాలికి జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనప తీగ), క్లిప్పుల స్ప్రింగు ఎక్కువ కాలం నిలవవు. తెల్ల బనీను మీద పడ్డ తుప్పు మరక ఏ సబ్బుకీ వదలదు. స్టాండ్లలో 202 రకం స్టీలు చవక, సముద్రం దగ్గర అది కూడా తుప్పు పడుతుంది. 304 రకం మేలు. షాపులో అయస్కాంతం పెట్టి “చూడండి, అంటుకోవట్లేదు, అసలు స్టీలు” అంటారు. 202కీ, 304కీ రెంటికీ అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనంటే ప్లాస్టిక్ తొడుగు ఉన్న పైపులు కొనడం నయం.

ముసురులో గదిలోపల

అసలు చిక్కు జూన్ నుంచి అక్టోబర్ దాకా. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలంతా దిగినప్పుడే బయట చినుకు మొదలవుతుంది, ఇంట్లో తడి బట్టలు గుట్ట పడతాయి. అందరం చేసే పని ఒకటే, తలుపులు బిగించి ఫ్యాను ఐదులో పెట్టేయడం. పొద్దున్నకి బట్టలు చెమ్మగానే ఉంటాయి, పైగా ముక్క వాసన.

ఎందుకో లెక్క వేసుకోవచ్చు. అటూ ఇటూ 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు ఉన్న గదిలో గాలి దాదాపు 28 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. గాలిలో తేమ 85 శాతం ఉందంటే అందులో పాతిక గ్రాములకి పైగా అప్పటికే నిండిపోయింది. ఇంకా పట్టేది నాలుగున్నర గ్రాములు. గది మొత్తం కలిపినా 130 గ్రాములు దాటదు. కిలో బనీన్లు, సాక్సులు చేత్తో పిండి తెస్తే వాటిలో దగ్గర దగ్గర కిలో నీళ్లుంటాయి. మూసిన గదిలో ఆ నీళ్లు పోవడానికి చోటే లేదు. కాబట్టి వాన జల్లు కొట్టని వైపు కిటికీ తెరిచి, ఫ్యాను గాలి బట్టల మీదుగా ఆ కిటికీ వైపు పోయేలా పెట్టాలి. వంటింట్లోనో బాత్రూంలోనో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే అది వేసి, గది తలుపు తీసి ఉంచినా సరే. రాత్రంతా, అంటే ఎనిమిది గంటలకి, మామూలు సీలింగు ఫ్యాను 0.6 యూనిట్ తింటుంది. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాను అయితే అందులో సగం కూడా కాదు.

ఇంకో చిట్కా దీనికంటే పెద్దది, అసలు తడే తగ్గించి తేవడం. సెమీ ఆటోమేటిక్ మిషన్లో పక్కనుండే స్పిన్ టబ్బు నిమిషానికి 1300 చుట్ల దాకా తిరుగుతుంది. ఐదు నిమిషాలు తిప్పితే చేత్తో పిండినప్పటికంటే సుమారు సగం నీళ్లే మిగులుతాయి. దానికయ్యే కరెంటు యూనిట్‌లో యాభయ్యో వంతు కూడా ఉండదు. కిలో నీళ్లని వేడితో ఆవిరి చేయాలంటే 0.65 యూనిట్ పైనే కావాలి, ఏ హీటర్ అయినా ఆ లెక్క తప్పించుకోలేదు. టబ్బులో గుడ్డ గోడకి అతుక్కుని తిరుగుతుందే గానీ దొర్లదు కాబట్టి పొట్టయ్యే భయం లేదు. సాక్సులు, సన్న బనీన్లు జిప్పు సంచిలో వేసి తిప్పితే సాగవు. కొన్ని టాప్ లోడ్ మిషన్లలో ఎయిర్ డ్రై అని ఉంటుంది. అది కూడా ఇలా నీళ్లు లాగేదే, బట్ట పూర్తిగా ఆరిపోతుందని ఆశ పడొద్దు.

జాలీ, ఫ్రేము

వలగుడ్డతో గుండ్రంగానో చదరంగానో అంతస్తులుగా వేలాడే జాలీలు ఆన్‌లైన్లో వందల్లోనే దొరుకుతున్నాయి. హోజరీకి, అంటే బనీన్లు, సాక్సులు, స్వెట్టర్ల లాంటి అల్లిన బట్టలకి, నేను మొదటి ఓటు వేసేది దీనికే. గుడ్డ బల్లపరుపుగా పడుకుంటుంది, బరువు ఎక్కడా వేలాడదు, కిందా పైనా గాలి ఆడుతుంది, కరెంటు అక్కర్లేదు. దీని లోపమల్లా చోటు. ఒక అంతస్తుకి ఒక స్వెట్టర్ లేదా రెండు మూడు బనీన్లు, అంతే. ఒకదాని మీద ఒకటి వేస్తే జాలీ కొన్న ప్రయోజనం పోతుంది.

స్వెట్టర్‌ని జాలీ మీద వేసే పద్ధతి తెలిస్తే ఇంకేదీ అక్కర్లేదు. ఉతికే ముందే టేపు పెట్టి భుజం నుంచి అంచు దాకా, చంక నుంచి చంక దాకా కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. ఉతికాక మెలిపెట్టి పిండొద్దు. ఆరిన తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో పాటు చుట్టగా చుట్టి, మోకాలితో అదిమితే నీళ్లు తువ్వాలు తాగేస్తుంది. తర్వాత జాలీ మీద వేసి, చేతులు పక్కకి మడిచి, కాగితం మీద కొలత వచ్చేదాకా అరచేత్తో నెమ్మదిగా సర్దాలి. మెడ, మణికట్టు, కింది పట్టీ మాత్రం లాగొద్దు, వేళ్లతో దగ్గరకి నొక్కాలి. పై వైపు ఆరాక ఒకసారి తిప్పేయండి. నూలు బనీను కాస్త పొట్టయినా తడిమీద ఇలాగే పొడుగునా సర్దితే చాలావరకు కొలతకి వస్తుంది. ఉన్ని గట్టిపడితే మాత్రం రాదు.

సాక్సుల ఫ్రేములు మన దగ్గర షాపుల్లో అరుదు. పాదం ఆకారంలో ప్లాస్టిక్‌తోనో తీగతోనో ఉంటాయి, సాక్సు దానికి తొడిగి వేలాడదీస్తారు. ఒకప్పుడు యూరప్, అమెరికా ఇళ్లలో ఉన్ని సాక్సులకి ఇవి వాడేవారు. మా శ్రీకాకుళం పెద్దమ్మ చూసి “సాక్సుకి సట్రమేటే!” అని నవ్వింది గానీ, ఇందులో తర్కం లేకపోలేదు. సాక్సుల ఫ్యాక్టరీలో చివరి పని కూడా ఇదే. పాదం ఆకారపు పలచటి లోహపు పలకలకి సాక్సు తొడిగి ఆవిరి పట్టిస్తారు, అందులోని నైలాన్ ఆ ఆకారాన్ని పట్టుకుంటుంది. అలా ఒకసారి కుదిరిన స్కూల్ సాక్సులు, క్రికెట్ సాక్సులు ఇంట్లో మామూలుగా ఆరినా పెద్దగా మారవు, వాటికి ఫ్రేము అక్కర్లేదు. చేత్తో అల్లిన ఉన్ని సాక్సులకి, దళసరి నూలు సాక్సులకి పనికొస్తుంది. కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ సాక్సు కొత్తగా ఉన్నప్పుడే అట్ట మీద పెట్టి గీత గీసి, ఆ గీత వెంబడి అల్యూమినియం తీగ వంచి, కొసలకి గుడ్డ పీలిక చుడితే సరి. ఇనప తీగ వద్దు. ఫ్రేము పాదం కంటే పెద్దదైతే సాక్సుని సాగదీస్తుంది, పట్టీ దాకా వస్తే ఎలాస్టిక్ పోతుంది.

కాళ్లలో నరాలు ఉబ్బితే (వెరికోస్ వెయిన్స్) డాక్టర్లు రాసే బిగుతు స్టాకింగ్స్ ఉంటాయి కదా, వాటిని ఫ్రేముకీ తొడగొద్దు, హీటర్ దగ్గరా పెట్టొద్దు, ఎండలోనూ వేయొద్దు. వాటి బిగుతే వాటి మందు. తువ్వాల్లో అదిమి, నీడలో జాలీ మీద పరచడమే. రోజూ వాడేవాళ్లు రెండు జతలు పెట్టుకుంటే ఒకటి ఆరేదాకా టెన్షన్ ఉండదు.

కరెంటు మిషన్లు

డ్రమ్ము తిరిగే డ్రైయర్లలో మూడు రకాలు. వెంటెడ్ రకం తడి గాలిని గొట్టంతో బయటికి పంపుతుంది. గోడకో కిటికీకో కన్నం కావాలి, లేకపోతే ఇల్లంతా ఆవిరి. కండెన్సర్ రకం ఆ నీటిని డబ్బాలో పడుతుంది గానీ గదిని వేడెక్కిస్తుంది. ఈ రెండింట్లోనూ లోపలి వేడి 70, 80 డిగ్రీల దాకా పోవచ్చు. నూలు బనీనుకి డ్రమ్ము దొర్లుడు తోడైతే ఏమవుతుందో పైనే చెప్పాను. హీట్ పంప్ రకం 50, 60 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, కండెన్సర్‌తో పోలిస్తే సుమారు సగం కరెంటు చాలు. ఏడు కిలోల లోడుకి కండెన్సర్ నాలుగు యూనిట్ల చుట్టూ తింటే ఇది రెండు లోపు. ధర మాత్రం రెట్టింపు దాకా పోతుంది, సమయమూ ఎక్కువ తీసుకుంటుంది. డ్రైయర్ తప్పదనుకుంటే నేను హీట్ పంప్ వైపే. కొన్ని మోడళ్లలో డ్రమ్ము తిరుగుతున్నా కదలకుండా ఉండే చిన్న అర ఇస్తారు, స్వెట్టర్లు, బూట్లు దాని మీద పెట్టుకోవచ్చు. అది ఉందో లేదో అడిగి కొనండి. లేని మోడల్‌లో హోజరీ వేయాల్సి వస్తే తక్కువ వేడి పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే తీసి, జాలీ మీద పరిచి ముగించాలి. బాగా ఎండిపోయేదాకా తిప్పడమే ఎక్కువ నష్టం.

ఉతుకూ ఆరబెట్టడమూ ఒకే మిషన్లో అనే వాషర్ డ్రైయర్లు హోజరీకి అన్నిటికంటే చెడ్డవని నా అభిప్రాయం. ఉతకడానికి ఎనిమిది కిలోలు పడితే ఆరబెట్టడానికి ఐదే పడతాయి. ఆ సంగతి మర్చిపోయి నిండా వేస్తే గంటల తరబడి వేడిలో ముద్దగా దొర్లుతాయి.

గుడ్డ బీరువాలా ఉండి కింద నుంచి వేడి గాలి ఊదే చవక డ్రైయర్లు వస్తున్నాయి. వీటిలో బట్ట కదలదు, ఆ ఒక్క మంచి ఉంది. కానీ 1000 వాట్ల హీటర్ మూడు గంటలు నడిస్తే మూడు యూనిట్లు. కింద వేలాడే సాక్సులు వేగిపోతాయి, పైవి చెమ్మగా ఉంటాయి, తడి ఆవిరి తిరిగి గదిలోకే. రాత్రి వేసి పడుకునే సామాను అసలే కాదు.

వీటన్నిటి కంటే డీహ్యూమిడిఫైయర్ గురించి మన వాళ్లు తక్కువ మాట్లాడుకుంటారు. అది గాలిలో తేమనే లాగి డబ్బాలో పోస్తుంది. బట్ట కదలదు, వేడి అంతంతే. రోజుకి 12 లీటర్లు లాగే రకం 220 వాట్ల చుట్టూ వాడుతుంది. ఇందాకటి మూసిన గది లెక్క దీంతో తలకిందులవుతుంది. దీన్ని వాడేటప్పుడే తలుపులు బిగించాలి, బట్టలు జాలీ మీద పరిచి ఫ్యాను చిన్నగా పెట్టాలి. పైపెచ్చు బీరువాలో పట్టు చీరలకి, పుస్తకాలకి కూడా మేలు. ఇప్పటికే ఏసీ ఉంటే కొత్తది కొనక్కర్లేదు, డ్రై మోడ్ ఇదే పని చేస్తుంది.

ఎవరికి ఏది

కోరుకొండ సైనిక్ స్కూల్ లాంటి హాస్టళ్లలో పిల్లలున్నవాళ్లు, శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో తెల్లారే పరుగు తీసే రిక్రూట్‌మెంట్ కుర్రాళ్లు డబ్బు మిషన్ల మీద పెట్టొద్దు. నాలుగు జతల నూలు, నైలాన్ కలిసిన సాక్సులు అదనంగా కొనుక్కుని, ఒక చిన్న మడత జాలీ పెట్టుకుంటే చాలు. పూర్తి నూలు సాక్సులు ముసురులో రెండో రోజుకి గానీ ఆరవు.

చంటిపిల్లలున్న ఇంట్లో రోజుకి పదిహేను చిన్న బట్టలు, పైగా వాన. అక్కడ జాలీ, స్పిన్ టబ్బు, ఏసీ డ్రై మోడ్ లేదా డీహ్యూమిడిఫైయర్. ఆరుగురు ఏడుగురు ఉన్న ఇల్లు, డాబా లేని అపార్ట్‌మెంట్ అయితే హీట్ పంప్ డ్రైయర్ దుప్పట్లకి కొనుక్కోండి, హోజరీ మాత్రం జాలీ మీదే.

కరెంటు మీదే పూర్తిగా ఆధారపడితే మన జిల్లాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర గులాబ్, ఈ తుపాన్లన్నీ బట్టలు ఆరని నెలల్లోనే వచ్చాయి. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డ్రైయర్ ఉన్న ఇంట్లో కూడా ఒక జాలీ, ఒక తాడు ఉండి తీరాలి.

జాలీ కొనేటప్పుడు ఫోటో చూసి మోసపోవద్దు. చేతికొచ్చాక కట్టి, మధ్యలో తడి తువ్వాలు పడేసి చూడండి. అంచు కంటే నాలుగు వేళ్లు కిందికి దిగితే తిప్పి పంపేయండి. ఆ గుంటలో స్వెట్టర్ నడుము సాగిపోతుంది. చుట్టూ ఉన్న రింగు స్ప్రింగు తీగ అయితే కుట్టు లోపల తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, వల కన్నాలు చిటికెన వేలు దూరనంత సన్నగా ఉండాలి. తెల్లది కాకుండా రంగు వలయితే మొదటిసారి వట్టి నీళ్లతో ఉతికి, పాత గుడ్డతో రుద్ది, రంగు అంటుతోందేమో చూసుకున్నాకే తెల్ల బనీన్లు దాని మీద వేయండి.